గ్రంథకర్తయే ప్రకాశకుడైనచో

సమీక్షార్థము మా కార్యాలయమునకు వచ్చు పుస్తకముల కట్టలను విప్పి చూచుట నా నిత్యకృత్యములలో ఒకటి. పుస్తకము చేతికి రాగానే నేను మొదట చూచునది ముఖచిత్రమును గాదు, పీఠికను గాదు. "ప్రతులకు" అను మాట క్రింద ఏమున్నదో చూతును. కొన్నిటిపై ఏదో ఒక పుస్తకశాల పేరుండును. పెక్కింటిపై రచయిత యింటి చిరునామాయే యుండును. అనగా, ఆ పుస్తకమును వ్రాసినవారే దానిని అచ్చు వేయించినారు. అచ్చు వేయించినవారే దానిని అమ్ముకొనవలసి యున్నారు. తక్కిన ప్రతులు ఆ యింట అటకమీదనో, మంచము క్రిందనో కట్టలుగా పడియుండునేమో అని నాకు అనుమానము కలుగుచుండును. ఆ కట్టలలో ఒక ఉపాధ్యాయుని భవిష్యనిధి సొమ్ము ఉండవచ్చును. ఒక గృహిణి యేండ్ల తరబడి కూడబెట్టిన పొదుపు ఉండవచ్చును.

సాహిత్యమును వ్యాపారముతో ముడిపెట్టుట అనుచితమని భావించువారు మనలో కలరు. రచన వ్యాపారము కాకపోవచ్చును. కాని కాగితము కొన్న దినము మొదలుకొని పుస్తకప్రచురణము వ్యాపారమే. చిన్నదైనను అది పెట్టుబడి, సరకు, గిరాకి, అరువు, వసూలు అను అంగములన్నియు గల వ్యాపారము. ఈ సంగతిని ముందుగా ఒప్పుకొన్న రచయిత కొంత నష్టపోయినను నిలద్రొక్కుకొనును. ఒప్పుకొననివాడు రెండవ పుస్తకము జోలికి పోడు. అతని రెండవ పుస్తకము మొదటిదానికంటె మంచిది కావలసి యుండెనేమో! నష్టపోవునది అతని సొమ్ము మాత్రమే కాదు.

మన భాషలో ఇది క్రొత్త మార్గమేమియు కాదు. పూర్వము కావ్యమునకు కృతిభర్త యుండెను. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఆ స్థానము పాఠకులకు సంక్రమించెను. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు "వివేకవర్ధని"ని ఆరంభించినప్పుడు దానిని మొదట చెన్నపట్టణమున అచ్చొత్తించవలసి వచ్చెను. గోదావరీ తీరమున వ్రాసిన వ్రాత చెన్నపట్టణమునకు పోయి అచ్చై తిరిగి రావలెను. ఈ యిబ్బంది పడలేక వారు పిమ్మట రాజమహేంద్రవరముననే అచ్చుకూటమును నెలకొల్పిరి. వారి "రాజశేఖర చరిత్రము" మొదట ఆ పత్రికలో ప్రకటితమై, 1880లో పుస్తకరూపము దాల్చెను. పుస్తకము వెలువడు నాటికే దాని నెరిగిన పాఠకులు సిద్ధముగా ఉండిరన్నమాట. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మిత్రులు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చందాదారులను చేర్చుకొని వారిని ఆధారము చేసికొని గ్రంథములను వెలువరించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము 1907లో ఆ మండలి మొదటి ప్రచురణముగా వెలువడెను. ఈ రెండు ఉదాహరణములు చెప్పు పాఠమొక్కటే: పాఠకుని వెదకుట పుస్తకము అచ్చైన పిమ్మట చేయు పని కాదు.

కావున తన పుస్తకమును తానే ప్రకటింపదలచిన రచయితకు నేను చెప్పు మొదటి మాట ఇది. అచ్చుకూటమునకు పోవుటకు ముందు ఒక నోటుపుస్తకము తీసికొని, తన గ్రంథమును వెలయిచ్చి కొనగలవారి పేర్లను వ్రాయవలెను. "సాహిత్యాభిమానులు" అని వ్రాసిన ప్రయోజనము లేదు. పేరు, ఊరు వ్రాయవలెను. ఒక గ్రామచరిత్ర వ్రాసిన రచయితను ఊహించుకొందము. ఆ గ్రామములోని కుటుంబములు, ఆ బడిలో చదివి హైదరాబాదులోను, బెంగళూరులోను, అమెరికాలోను స్థిరపడినవారు, ఆ జిల్లా చరిత్రపై కృషి చేయు అధ్యాపకులు అతనికి సహజముగా లభించు పాఠకులు. వచనకవితా సంపుటికి ఇట్టి నికరమైన జాబితా దొరకుట కష్టము. అంతమాత్రమున కవిత్వమును అచ్చు వేయరాదని కాదు. తక్కువ ప్రతులు వేయవలెనని మాత్రమే అర్థము.

ఎన్ని ప్రతులు వేయవలెనను ప్రశ్న దగ్గరనే పెక్కుమంది చిక్కుపడుదురు. అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో తన మొదటి గ్రంథమును 1849లో తన స్వంత బాధ్యతపై వేయి ప్రతులు అచ్చు వేయించెను. నాలుగేండ్లకు, 1853లో, అమ్ముడుపోని 706 ప్రతులను ప్రకాశకుడు బండిపై అతని యింటికి తిరుగబంపెను. థోరో వానిని తన వీపుపై మోసికొని మేడమీదికి చేర్చెను. అంతటి రచయితకే అది తప్పలేదు. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ చేసినది వేరు. ఆమె వ్రాసిన కుందేలుపిల్ల కథను ప్రకాశకులు నిరాకరింపగా, 1901 డిసెంబరులో తన ఖర్చుతో 250 ప్రతులు మాత్రమే అచ్చు వేయించెను. అవి చెల్లిపోయిన పిదప మరి 200 వేయించెను. మరుసటి యేడు ఒక ప్రసిద్ధ ప్రకాశకసంస్థ ఆ పుస్తకమును స్వీకరించెను. ప్రతిభలో ఎవరు మిన్న అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. ఒకరు గిరాకి తెలియకముందే పెద్ద సంఖ్యను నిర్ణయించుకొనిరి. మరియొకరు చిన్న సంఖ్యతో గిరాకిని పరీక్షించి చూచిరి.

సీసపు అక్షరములతో కూర్చు దినములలో ఈ పరీక్ష మనకు సాధ్యము కాకుండెను. కూర్పునకు, ప్రూఫులకు అగు ఖర్చు వేయి ప్రతులకు ఎంతయో నూరు ప్రతులకు అంతయే. నేడు ఆఫ్‌సెట్ పద్ధతితో పాటు డిజిటల్ ముద్రణము వచ్చినది. ఇందులో ప్లేట్ల ఖర్చు లేదు; ఏబది ప్రతులైనను వేయించుకొనవచ్చును. ప్రతి యొక్కంటికి పడు ధర మాత్రము ఎక్కువ. ప్రతుల సంఖ్య పెరిగిన కొలది ఆఫ్‌సెట్టు చౌక యగును. రెండు పద్ధతులకును ధరలు వ్రాయించుకొని, ఎన్ని ప్రతుల దగ్గర రెండును సమానమగునో ముద్రాపకునే అడిగి తెలిసికొనవలెను.

ఇక లెక్కకు వత్తము. డెమ్మీ ఎనిమిదవ వంతు సైజులో 16 పుటలు ఒక ఫారము. 160 పుటల పుస్తకము 10 ఫారములు. ప్రతి ఫారమునకు ఒక డెమ్మీ తావు చొప్పున, 500 ప్రతులకు 5000 తావులు, అనగా 10 రీములు కావలెను. తరుగు దీనికి అదనము. పుటల సంఖ్య 16 చే భాగింపబడునట్లు చూచుకొన్నచో కాగితము వృథా కాదు. 162 పుటలైనచో రెండు పుటలకొరకు మరియొక ముక్క ఫారము పెట్టవలసి వచ్చును. పీఠికలో ఒక పేరా తగ్గించిన ఆ ఖర్చు తప్పును.

లెక్క సులువుగా నుండుటకు కూర్పు, ప్రూఫులు, ముఖచిత్రము, కాగితము, అచ్చు, బైండింగు అన్నియు కలిపి 500 ప్రతులకు 50,000 రూపాయలైనవనుకొందము. ప్రతి యొక్కంటికి 100 రూపాయలు పడినది. మన రచయిత మొగమాటముతో 150 రూపాయలు వెల పెట్టుననుకొందము. పుస్తకశాలకు నూటికి 40 చొప్పున కమీషను ఇచ్చినచో 60 రూపాయలు పోయి అతని చేతికి వచ్చునవి 90. అమ్మిన ప్రతి పుస్తకమునకు పది రూపాయలు నష్టము! అన్ని ప్రతులు అమ్ముడుపోయినను నష్టము తప్పని వ్యాపారమిది. వెల 250 పెట్టినచో కమీషను పోను 150 వచ్చును. పెట్టుబడి తిరిగి రావలెనన్న 334 ప్రతులు అమ్మవలెను. పాఠకునికి తానే నేరుగా పంపి, టపా, కట్టుబడి ఖర్చులకు 40 రూపాయలు పోగొట్టుకొన్నచో 210 మిగులును. అప్పుడు 239 ప్రతులు చాలును. 150 ప్రతులు నేరుగా అమ్మినచో 31,500 రూపాయలు వచ్చును. తక్కిన 18,500లకు పుస్తకశాలల ద్వారా 124 ప్రతులు అమ్మవలెను. మొత్తము 274. సమీక్షలకు, గ్రంథాలయములకు, ఆత్మీయులకు నూరు ప్రతులు పోయినవనుకొన్నచో లాభమునకు మిగులునవి 126 ప్రతులు మాత్రమే. ఈ లెక్కలో రచయిత శ్రమకు ఒక్క పైసయైనను కట్టలేదని గమనింపవలెను.

ఇక్కడ ముద్రాపకుడు ఒక మాట చెప్పును: "అయిదు వందలకు ఏబది వేలు, మరియొక పాతిక వేలు వేసికొనుడు, వేయి ప్రతులు వచ్చును." అతడు చెప్పినది అబద్ధము కాదు. ప్రతి యొక్కంటికి 75 రూపాయలే పడును. కాని 300 ప్రతులు మాత్రమే అమ్ముడుపోయినచో వచ్చునది 45,000. అయిదు వందలు వేయించినవాని నష్టము 5,000. వేయి వేయించినవాని నష్టము 30,000. చౌకయైనది ప్రతి మాత్రమే; పెట్టుబడి పెరిగినది.

ఖర్చు తగ్గింపదలచినవారు మొట్టమొదట కోత పెట్టునది ప్రూఫుల విషయముననే. ఇది మిక్కిలి శోచనీయము. శ, ష, సలును, ల, ళలును తారుమారైన పుస్తకము ఎంత గొప్ప భావములు కలదైనను పాఠకుని గౌరవమును పోగొట్టుకొనును. అదియును గాక, పాత కంప్యూటరు ఖతులలో కూర్చిన వ్రాతప్రతిని యూనికోడులోనికి మార్చునప్పుడు వత్తులు, పొల్లులు చెడుట సామాన్యము. ఒకసారి దిద్దిన ప్రూఫు మార్పిడి తరువాత దిద్దని ప్రూఫే యగును. దానిని రచయిత గాక మరియొకరు చదువవలెను. తాను వ్రాసినదానిలో తప్పు తన కంటికి కనబడదు.

చట్టసంబంధమైన విషయములు కొన్ని కలవు. ఐ.ఎస్.బి.ఎన్. అను పదమూడంకెల సంఖ్యను మన దేశమున కేంద్ర విద్యాశాఖ క్రిందనున్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితముగా ఇచ్చుచున్నది. దీనిని రచయిత తన పేరనే పొందవచ్చును. సొమ్ము పుచ్చుకొని యెవరైన ఇప్పింతుమన్నచో తొందరపడరాదు. అచ్చుపుస్తకమునకు వేరు సంఖ్య, విద్యుత్ ప్రతికి వేరు సంఖ్య కావలెను. ఈ సంఖ్య పుస్తకమునకు గుర్తు మాత్రమే. గ్రంథస్వామ్యమునకు దీనితో సంబంధము లేదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమును అనుసరించి రచన పూర్తియైనప్పుడే హక్కు రచయితకు సంక్రమించును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమును, తదనంతరము 60 యేండ్లును నిలుచును.

1954 నాటి పుస్తకప్రదాన చట్టము ప్రకారము ప్రకాశకుడు పుస్తకము వెలువడిన 30 దినములలో కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకు ఒక ప్రతిని, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయమునకు, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కొక్క ప్రతిని తన ఖర్చుతో పంపవలెను. దీనిని అనవసరపు ఖర్చుగా భావింపరాదు. మన యింట చెదలు పట్టినను ఆ నాలుగు చోట్ల పుస్తకము నిలుచుటకు ఇది మార్గము. ముద్రాపకుని పేరు, ప్రకాశకుని పేరు పుస్తకమున ఉండవలెనని 1867 నాటి చట్టము విధించెను. 2024 మార్చి 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము పత్రికలకు మాత్రమే వర్తించును. అయినను ఆ పేర్లను అచ్చు వేయుటయే మేలు. టపా రాయితీకి అవి కావలసి వచ్చును.

"మీ పుస్తకమును మేమే ప్రచురింతుము, ఇంత సొమ్ము చెల్లింపుడు" అను సంస్థలు నేడు పెక్కు గలవు. వానిలో మంచివియు ఉండవచ్చును. కాని ఒడంబడికను చదువకుండ సంతకము చేయరాదు. ప్రతులెన్ని, అవి ఎవరి సొత్తు, అమ్మకపు లెక్క ఎన్ని నెలల కొకసారి చూపుదురు, హక్కు ఎవరిది, ఎంతకాలము అనునవి వ్రాతపూర్వకముగా ఉండవలెను. హక్కుల బదలాయింపు వ్రాతలో లేనిదే చెల్లదు. వ్రాతలో కాలపరిమితి చెప్పనిచో అది అయిదేండ్లకే పరిమితమని చట్టము చెప్పుచున్నది. ఇది రచయితకు గొప్ప రక్ష; అయినను ఒడంబడికలో "శాశ్వతముగా" అను ఒక్క మాట చేర్చి సంతకము పెట్టించుకొన్నచో ఆ రక్ష తొలగిపోవును.

ఇక అమ్మకము. పుస్తకశాలవారు క్రొత్త రచయిత ప్రతులను సాధారణముగా రొక్కమునకు కొనరు. అమ్మిన పిమ్మట ఇత్తుమందురు. వారిని నిందింప బనిలేదు. అలమరలో చోటు వారికి అద్దె చెల్లించిన చోటు. రచయిత చేయవలసినది ఇచ్చిన ప్రతులకు రశీదు తీసికొనుట, మూడు నెలలకొకసారి స్వయముగా పోయి లెక్క చూచుట, చెల్లని ప్రతులను వెనుకకు తెచ్చుకొనుట. పది పట్టణములలో ఇరువదేసి ప్రతులు ఇచ్చి మరచిపోవుటకంటె, మూడు చోట్ల పదేసి ఇచ్చి జ్ఞాపకముంచుకొనుట మేలు. ప్రతి సంవత్సరము హైదరాబాదులోను, విజయవాడలోను జరుగు పుస్తకప్రదర్శనములలో ఒక దుకాణము నంతయు అద్దెకు తీసికొనుట ఒక్క పుస్తకము గలవానికి తగదు. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసికొన్నచో అద్దెయు పంచుకొనవచ్చును, కూర్చుండు గంటలను పంచుకొనవచ్చును.

నేరుగా అమ్ముటకు టపాయే ఆధారము. 2024 చివర పాత బుక్‌పోస్టు సదుపాయము తొలగింపబడినప్పుడు చిన్న ప్రకాశకులు కలత చెందిరి. 2025 మే 1 నుండి తపాలాశాఖ "జ్ఞాన్ పోస్ట్" అను పేర క్రొత్త సదుపాయమును ప్రవేశపెట్టినది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోలకు 100 రూపాయలు అని ఆరంభమున రుసుము నిర్ణయించిరి, పన్ను అదనము. 70 గ్రాముల కాగితముపై అచ్చువేసిన 160 డెమ్మీ పుటల పుస్తకము కట్టుతో కలిపి 300 గ్రాములకు లోపుగనే యుండును. మందపు కాగితముపై మోజుపడి అచ్చు వేయించినవాడు ప్రతి టపాకట్టకు ఆ మోజు వెల చెల్లించుకొనుచుండవలెను. సొమ్ము రాబట్టుట నేడు సులువైనది. మనియార్డరు కొరకు వేచియుండ బనిలేదు; చేతిఫోను ద్వారా కొనువాడు క్షణములో చెల్లింపవచ్చును. అందుచేత, అచ్చునకు ముందే జాబితాలోని వారికి కబురు పంపి, కొంత తగ్గింపు వెలకు ముందస్తు చందాలు సేకరించుట మంచి పద్ధతి. వచ్చిన చందాల సంఖ్యను బట్టియే ప్రతుల సంఖ్యను నిర్ణయింపవచ్చును. అయితే ముందుగా సొమ్ము పుచ్చుకొన్నవాడు చెప్పిన తేదీకి పుస్తకము అందజేయవలెను. ఆ మాట తప్పినవానికి మరల చందా కట్టువారుండరు.

గ్రంథావిష్కరణసభల గూర్చి ఒక మాట. సభామందిరపు అద్దె, పూలదండలు, శాలువలు, ఫలహారములు, ఆహ్వానపత్రికలు, ఫ్లెక్సీలు కలిసి ఒక్కొక్కప్పుడు అచ్చు ఖర్చులో సగమగుచుండుట కలదు. అధ్యక్షులవారు పుస్తకము తమకు దారిలోనే అందినదని విన్నవించుకొని రచయిత సౌజన్యమును గూర్చి ముప్పావుగంట ప్రసంగింతురు. సభ ముగిసిన పిమ్మట వచ్చినవారందరికి తలా యొక ప్రతి ఉచితముగా పంచబడును. ఆ రాత్రి ఆ యూరిలో ఆ పుస్తకమును కొనదగినవారు ఇక మిగిలియుండరు! సభ వలదనుట లేదు. పుస్తకమును నిజముగా చదివిన యిద్దరిని మాట్లాడ బిలుచుట, ద్వారము దగ్గర ఒక బల్ల వేసి ప్రతులను వెలకు ఉంచుట, వెలయిచ్చి కొన్నవానికి రచయిత సంతకము చేసి ఇచ్చుట: ఇవి చాలును. ఉచితముగా ఇచ్చిన పుస్తకమును మర్యాదకొరకు పుచ్చుకొందురు. పది రూపాయలైన ఇచ్చి కొన్నదానిని చదువుటకొరకు తెరతురు.

గ్రంథాలయములు మరియొక మార్గము. పౌరగ్రంథాలయములు ఎంపికసంఘముల ద్వారా పుస్తకములను కొనును. 1972లో స్థాపితమైన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ వానికి సహాయము చేయుచున్నది. ఇందు ఎంపిక ఎప్పుడగునో, సొమ్ము ఎప్పుడు వచ్చునో ముందుగా చెప్ప వీలుకాదు. కావున దీనిని ఆశగా పెట్టుకొనవచ్చును గాని, దీనిని నమ్మి ప్రతుల సంఖ్యను పెంచరాదు.

చివరిది పద్దుపుస్తకము. పుస్తకముపై జి.ఎస్.టి. లేదు, అచ్చుపని బిల్లుపై మాత్రము ఉన్నది. దానిని ఖర్చులో కలిపియే వెల కట్టవలెను. వచ్చిన ప్రతి రూపాయిని, పోయిన ప్రతి ప్రతిని వ్రాసి పెట్టవలెను. మిగులు ఉన్నచో అది ఆదాయమే గనుక పన్నుల లెక్కలో చూపవలెను. ఇంటి ఖర్చుల సొమ్మును దీనితో కలుపరాదు. ప్రకటనకు పూనుకొను దినముననే, "ఇంతకు మించి పోగొట్టుకొనను" అని ఒక మొత్తమును ఇంటివారితో కూర్చుండి నిర్ణయించుకొనవలెను. తెలియకుండ పోయిన సొమ్ము ఇంటిలో కలహమునకు మూలమగును. తెలిసి వెచ్చించిన సొమ్ము ఆ పని చేయదు.

మొన్న ఒక విశ్రాంతోపాధ్యాయులు తమ రెండవ పుస్తకమును మా కార్యాలయమునకు స్వయముగా తెచ్చిరి. మొదటిది వేయి ప్రతులు వేసితిరి గదా, ఇది యెన్ని అని అడిగితిని. "మూడు వందలు, అందులో నూటయెనుబది ముందే చెల్లినవి" అని చెప్పి, చేసంచిలోనుండి ఒక నోటుపుస్తకము తీసి చూపిరి. అందు పేర్లు, ఊర్లు, చెల్లించిన తేదీలు వరుసగా ఉండెను. చివరిపుటలలో ఇంకను నూట ఇరువది గీతలు ఖాళీగా ఉండెను. నా దగ్గర వెల తీసికొని, మొదటి గీతపై నా పేరు వ్రాసికొని, సెలవు పుచ్చుకొనిరి.